గుండమ్మ కోపం, లక్ష్మి ఓర్పు

"కోపం వచ్చినప్పుడు నోరు అదుపులో పెట్టుకో" అని చెప్పే పెద్దవాళ్ళు లేని ఇల్లు ఉంటుందా? అయితే ఆ మాట ఎక్కువగా ఎవరికి చెబుతారో ఎప్పుడైనా గమనించారా? ఇంటి యజమానికి చెప్పరు. అత్తగారికి అంతకన్నా చెప్పరు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి చెబుతారు, పెళ్ళి కావలసిన పిల్లకి చెబుతారు, పనిమనిషికి చెబుతారు. అంటే ఎవరి కోపం వల్ల ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదో, వాళ్ళకే నీతిబోధ అన్నమాట!

ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు 'గుండమ్మ కథ' గుర్తొస్తుంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నిర్మించగా 1962లో వచ్చిన చిత్రం అది. చక్రపాణిగారు మా తెనాలివారు, శరత్ నవలల్ని తెలుగువాళ్ళకి చుట్టాల్ని చేసిన మనిషి. కథకి మూలం కన్నడ చిత్రమే అయినా, డి.వి. నరసరాజుగారి మాటలతో అది అచ్చంగా మన వీధిలో కథ అయి కూర్చుంది. మా రేపల్లె వైపు కాస్త నోరున్న ఆవిడ ఎదురైతే "అమ్మో, గుండమ్మ!" అని ఇప్పటికీ పక్కకి తప్పుకుంటారు.

సూర్యకాంతంగారి గుండమ్మ కోపానికి ఒక లెక్క ఉంది. కన్నకూతురు సరోజ బారెడు పొద్దెక్కి లేచినా ఆ కోపం రాదు. సవతి కూతురు లక్ష్మి పొద్దున్నుంచీ గొడ్డుచాకిరీ చేస్తున్నా వస్తుంది. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. కోపం గుడ్డిది అంటారు గానీ, నన్నడిగితే దానికి కళ్ళు బాగానే కనిపిస్తాయి. తిరగబడని మనిషిని చూసుకునే అది మీద పడుతుంది.

ఇక ఆ ఇంట్లో పనివాడుగా చేరిన అంజి. గుండమ్మ ఎంత అరిచినా వినయంగా తల ఊపుతూనే ఆవిణ్ణి తన దారికి తెచ్చుకుంటాడు. మనం పడీ పడీ నవ్వుతాం. ఎందుకు నవ్వగలుగుతున్నాం? అతను కలవారి బిడ్డ అనీ, కావాలంటే రేపే తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోగలడనీ మనకి తెలుసు కనుక. లక్ష్మికి ఆ అవకాశం ఏదీ? ఎదురు చెబితే నిలువనీడ లేని పిల్ల మౌనాన్ని "ఎంత ఓర్పమ్మా!" అని మెచ్చుకోవడం నాకు సబబనిపించదు. అది ఓర్పు కాదు, గత్యంతరం లేకపోవడం.

సరోజ విషయంలో నాకు ఇంకో పేచీ ఉంది. పిల్ల పొగరుబోతే, కాదనను. కానీ పెళ్ళి పేరుతో రాజా ఆడిన నాటకం మాటేమిటి? మోసపోయిన మనిషికి కోపం రాదా? ఆమె కోపానికి కాయకష్టం మందు వేసిన కథ, అతని నాటకాన్ని మాత్రం సరదాగా చూపించి ఊరుకుంది.

అయినా ఈ చిత్రాన్ని నేను గౌరవిస్తాను. కారణం చివరి భాగం. ఛాయాదేవి వేసిన దుర్గమ్మ పాత్ర వచ్చి గుండమ్మని ఆమె ఇంట్లోనే నానా హింసా పెడుతుంది. తగిన శాస్తి జరిగిందని మనం చప్పట్లు కొడుతుంటే, ఆదుకోవడానికి వచ్చేది లక్ష్మి! ఇప్పుడామెకి భర్త ఉన్నాడు, ఇల్లుంది, పరువుంది. "చూశావా పిన్నీ, నేను పడ్డది ఇదే" అని ఒక్క ముక్క అంటే చాలు, పాత బాకీ వడ్డీతో సహా తీరిపోతుంది. ఆ బాకీ వసూలు చెయ్యకుండా చెయ్యి అందిస్తుంది. అదీ నిగ్రహమంటే. మొదటి లక్ష్మి నోరు మూసుకున్నది భయంతో. చివరి లక్ష్మి నోరు జారనిది సంస్కారంతో. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, అందుకే మన ఇళ్ళల్లో ఇంత గందరగోళం.

కోపాన్ని మింగడం వేరు, అదుపులో పెట్టుకోవడం వేరు. మింగిన కోపం ఎప్పుడో గిన్నెల చప్పుడులోనో, పిల్లల వీపు మీదో బయటపడుతుంది. అదుపులో పెట్టుకున్నది మాటగా మారుతుంది. "అత్తయ్యా, మీరన్న మాటకి నాకు బాధేసిందండీ" అని నెమ్మదిగా చెప్పగలిగిన కోడలు మర్యాద తప్పినట్టు కాదు. అది విని "అలాగా అమ్మా" అనగలిగిన అత్తగారు చిన్నబోయినట్టూ కాదు. అయితే ముందు నేర్చుకోవలసింది మాత్రం ఆ రెండో ఆవిడే.

ఈసారి టీవీలో 'గుండమ్మ కథ' వస్తే సూర్యకాంతం గొంతు ఎలాగూ వింటారు. ఆ అరుపుల మధ్య మాట్లాడకుండా నిలబడ్డ సావిత్రి కళ్ళు కూడా ఒక్కసారి చూడండి.