కొండ గోరింకకి ఒకటి, రాతి గణపతికి ఒకటి

హోళీ దగ్గరపడుతోందంటే ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడకి రాత్రుళ్ళు నిద్ర ఉండదు. శంఖిని, డంకిని నదులు కలిసే చోట వెలసిన దంతేశ్వరి అమ్మవారి గుడి దగ్గర ఫాగున్ మడై జాతర సాగుతుంటుంది. వందలాది ఊళ్ళ దేవతలు తరలివస్తారు. పొద్దుపోయాక వేట నాట్యాలు మొదలవుతాయి. ఒకనాడు కుందేలు వేట, ఒకనాడు దుప్పి వేట, మరోనాడు అడవిదున్న వేట. అక్కడివాళ్ళు వీటిని లమ్హామార్, చీతల్‌మార్, గౌర్‌మార్ అంటారు. జంతువు వేషం కట్టినవాడు ఉరుకుతాడు, వేటగాళ్ళు తరుముతారు, జనం కేకలేస్తూ దారి వదులుతారు. చీకటి, పరుగు, తోపులాట: కెమెరా పట్టినవాడికి ఈ మూడూ ఒకేసారి ఎదురయ్యే చోటు ఇది.

అక్కణ్ణుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు వెళితే బార్సూరు. అక్కడ ఏదీ కదలదు. 11వ శతాబ్దపు నాగవంశీయుల కాలం నాటి ఇసుకరాతి గణపతులు రెండు, పక్కపక్కన కూర్చుని ఉంటాయి. పెద్దదాని ఎత్తు ఏడడుగుల పైమాటే. పొద్దుటి ఎండ పక్క నుంచి పడినప్పుడు బొజ్జ మీది చెక్కడం ఒక్కో గీతా పైకి తేలుతుంది. ఫోటో తీసేవాడికి ఇక్కడ తొందర లేదు. కానీ ఒక్క గీత కూడా జారిపోకూడదు.

ఈ రెండు పనులకీ ఒకే కెమెరా సరిపోతుందా? డీఎస్ఎల్ఆర్‌ల చివరి మంచి రోజుల్లో నికాన్ సంస్థ ఈ ప్రశ్నకి రెండు జవాబులు చెప్పింది. 2016 జనవరిలో డి500ని ప్రకటించింది. 2017 ఆగస్టులో డి850ని ప్రకటించింది. అప్పట్లో మొదటిదాని ధర అమెరికాలో దాదాపు 2,000 డాలర్లు, రెండోదానిది 3,300. ధరలో ఇంత తేడా ఉన్నా అవి ఒక తల్లి బిడ్డలే. వాటిలో ఏది ఎక్కడ పనికొస్తుందో తేల్చడానికి దంతెవాడ పరిసరాలంత మంచి గీటురాయి దొరకడం కష్టం.

ముందు ఆ బంధుత్వం సంగతి. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ గుండా వచ్చిన వెలుగు వాలుగా నిలిపిన అద్దం మీద పడి, పైనున్న పట్టకం గుండా తిరిగి కంటికి చేరుతుంది. ఆ అద్దం వెనక మరో చిన్న అద్దం ఉంటుంది. అది కొంత వెలుగుని కిందికి, పెట్టె అడుగున దాగిన ఫోకస్ పరికరం మీదికి మళ్ళిస్తుంది. మీట నొక్కగానే అద్దాలు రెండూ పైకి లేస్తాయి, షట్టర్ తెరుచుకుంటుంది, వెలుగు సెన్సర్ మీద పడుతుంది. డి500కీ డి850కీ ఆ అడుగున ఉన్న ఫోకస్ పరికరం ఒక్కటే. 153 బిందువులతో చూస్తుంది, నిండు వెన్నెలంత మసక వెలుతురులోనూ నడిమి బిందువు పని చేస్తుంది. అంటే చూపు ఒకటే. తేడా అంతా ఆ చూపు వెనక పరిచిన పలకలో ఉంది.

డి500 సెన్సర్ చిన్నది: 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.7 ఎత్తు, 20.9 మెగాపిక్సెళ్ళు. డి850ది పాత 35 ఎంఎం ఫిల్ము ముక్కంత: 35.9 మిల్లీమీటర్లకి 23.9, 45.7 మెగాపిక్సెళ్ళు. కొనేవాళ్ళు సాధారణంగా ఈ మెగాపిక్సెళ్ళ దగ్గరే ఆగిపోతారు. అసలు సంగతి ఒక్కో పిక్సెల్ కొలత చూస్తే బయటపడుతుంది. డి500లో అది 4.22 మైక్రాన్లు, డి850లో 4.35. ఇంచుమించు సమానం. ఒక జేబురుమాలునీ అదే నేతలో నేసిన తువ్వాలునీ పక్కపక్కన పెట్టినట్టు ఉంటుంది వ్యవహారం. డి850 తీసిన బొమ్మలోంచి నడిమి భాగాన్ని చిన్న సెన్సర్ మేరకు కత్తిరిస్తే 19.4 మెగాపిక్సెళ్ళ బొమ్మ మిగులుతుంది. దాదాపు డి500 ఇచ్చేదే అది.

మరి డి500 అవసరమేమిటి?

జవాబు కోసం కొండ గోరింక దగ్గరికి వెళ్ళాలి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అది. జగదల్‌పూర్ దగ్గరి కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం దాని ముఖ్యమైన ఆవాసం. నిగనిగలాడే నల్లటి ఒళ్ళు, నారింజ రంగు ముక్కు, తల వెనక పసుపు తోలు మడతలు. మనుషుల మాటల్ని అనుకరించే పిట్టగా దానికి పేరు, ఆ పేరే దాని ప్రాణానికి వచ్చింది. పట్టి పంజరాల్లో పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఎత్తయిన చెట్ల కొసన కూర్చుంటుంది, మాను తొర్రల్లో గూడు పెడుతుంది. నేల మీద నిలబడి చూసేవాడికి అది ఆకాశంలో నల్ల చుక్క.

ఇక్కడ డి500 చిన్న సెన్సరే దాని బలం. 200-500 ఎంఎం లెన్స్ తగిలిస్తే 750 ఎంఎం లెన్స్‌లోంచి చూసినంత దగ్గరగా కనిపిస్తుంది. ఫోకస్ బిందువులు చట్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుచుకుని ఉంటాయి. గోరింక ఓ పక్కకి జరిగినా వాటికి అందుతుంది. డి850లో అవే బిందువులు పెద్ద చట్రం నడుమ గుంపుగా ఉంటాయి. పైగా డి500 సెకనుకి 10 ఫోటోలు తీస్తుంది. మంచి కార్డు వేస్తే ఆపకుండా 200 రా ఫైళ్ళు, అంటే ఇరవై సెకన్లు ఏకబిగిన. డి850 సెకనుకి 7 తీస్తుంది, 51 దాటాక మందగిస్తుంది. అదనపు బ్యాటరీ పట్టు తగిలిస్తే 9కి చేరుతుంది, కానీ దానికి వేరే ఖర్చు, వేరే బరువు.

డి850 పక్షాన ఒక మాట చెప్పాలి. దాన్ని చిన్న సెన్సర్ పద్ధతిలో పెట్టి వాడితే వ్యూఫైండర్‌లో ఫోటోకి బయట ఉన్న చోటు కూడా కనిపిస్తుంది. పిట్ట ఎటునుంచి చట్రంలోకి ఎగిరి వస్తోందో ముందే తెలుస్తుంది. కొమ్మల సందుల్లో వెతికేవాడికి ఇది చిన్న సాయం కాదు. అయినా పిట్టల కోసమే కొనేవాడు డి500 తీసుకుని, మిగిలే సొమ్ము లెన్స్ మీద పెట్టడం మేలు.

ఏ కెమెరా అయినా తెల్లటి ఆకాశం ముందు నల్ల పిట్టని పెడితే మోసపోతుంది. వెలుగు ఎక్కువుందనుకుని బొమ్మని చీకటి చేస్తుంది, పిట్ట బొగ్గుముక్కలా వస్తుంది. ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాపు (అంటే వెలుగు రెట్టింపు), ఒకటిన్నర స్టాపు పెంచి తీయాల్సిందే. మరీ పెంచితే ఆ పసుపు మడతలు తెల్లగా మాడిపోతాయి.

ఇప్పుడు మళ్ళీ జాతర రాత్రికి. వేగం ముఖ్యం కదా, డి500 తీసుకుందామనిపిస్తుంది. అక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. డి850 సెన్సర్ వైశాల్యం 2.3 రెట్లు ఎక్కువ, అదే ఎక్స్‌పోజర్‌కి అంతమేరకు ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది. పిక్సెల్‌కి పిక్సెల్ పోలిస్తే తక్కువ వెలుతురులో వచ్చే మచ్చలు రెంటిలోనూ ఒకటే. కానీ రెండు బొమ్మల్నీ ఒకే సైజులో అచ్చు వేస్తే డి850ది ఒక స్టాపుకి మించి శుభ్రంగా ఉంటుంది. ఎఫ్/2.8 లెన్స్‌తో, 1/250 సెకను వేగంతో, ఐఎస్ఓ 6400 దగ్గర తీయాల్సి వచ్చే వెలుతురులో ఆ ఒక్క స్టాపే చెమట పట్టిన ముఖానికీ గులకరాళ్ళ కుప్పకీ తేడా.

వేగం సంగతంటారా, ఇక్కడి ఆదివాసులైన దండామి మాడియాల నాట్యం చూసినవాళ్ళకి దాని గుట్టు తెలుసు. మగవాళ్ళ తల మీద అడవిదున్న కొమ్ములు, ముఖం మీదికి వేలాడే గవ్వల పేటలు, మెడలో పెద్ద డోలు. ఆడవాళ్ళు ఇనప కర్రల్ని నేలకి తాటిస్తూ వరసగా అడుగులేస్తారు. మగవాళ్ళు దున్నల్లా ఒకళ్ళ మీదికి ఒకళ్ళు తలలు వంచి దూకుతారు. ఆ దూకుడు ఎప్పుడొస్తుందో డోలు దరువే ముందుగా చెబుతుంది. దరువు విన్నవాడికి సెకనుకి 7 చాలు. విననివాడు 10 తీసినా కొమ్ములు తాకిన క్షణం రెండు ఫోటోల మధ్య జారిపోతుంది.

దంతెవాడ ఉన్న ఈ బస్తర్ ప్రాంతాన్ని ఫోటో తీయడం కొత్త కాదు. బ్రిటిష్ అధికారి గ్రిగ్సన్ 1938లో మాడియా గోండుల మీద పుస్తకం వేశాడు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ మురియాల యువజన గృహమైన ఘోటుల్ మీద రాసిన పెద్ద పుస్తకం 1947లో వచ్చింది. ఎల్విన్‌తో కలిసి ఆదివాసీ ప్రాంతాలు తిరిగిన సునీల్ జనా తీసిన ఫోటోలు నేటికీ చూపు తిప్పుకోనివ్వవు. స్వీడన్ దర్శకుడు ఆర్నె సక్స్‌డార్ఫ్ నారాయణపూర్ దగ్గరి చెంద్రూ అనే కుర్రాడినీ పులినీ పెట్టి తీసిన సినిమా 1957లో విడుదలైంది. ఫిల్ము కాలంలో ఒక చుట్టకి 36 ఫోటోలు. డి500 ఆ చుట్టని నాలుగు సెకన్లలోపే ఖాళీ చేసేస్తుంది. జనా తరం వాళ్ళు ఒక్కో మీట నొక్కే ముందు ఎంత ఆలోచించి ఉంటారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఆ తరం పుస్తకాల తర్వాత ఘోటుల్ పేరు చెప్పి చవకబారు ఆసక్తితో కెమెరాలు మెడలో వేసుకుని దిగినవాళ్ళకీ కొదవ లేదు. కొమ్ముల కిరీటం పెట్టుకున్న మనిషిని అడగకుండా ముఖం మీద లెన్స్ పెట్టడం మర్యాద కాదు. దంతేశ్వరి గుడిలోకి మగవాళ్ళు పంచె కట్టుకుని వెళ్ళాలి, ప్యాంటుతో రానివ్వరు. కెమెరా విషయంలోనూ అక్కడి పెద్దల మాటే చెల్లుతుంది. భద్రతా దళాల శిబిరాల వైపు లెన్స్ తిప్పకూడదని ఈ ప్రాంతంలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

రాతి దగ్గర పోటీయే లేదు. డి850 ఐఎస్ఓ 64 నుంచి మొదలవుతుంది, డి500 వంద నుంచి. ఐఎస్ఓ తగ్గినకొద్దీ సెన్సర్ ఎక్కువ వెలుగుని తాగి నిలబడుతుంది. ఎండ తగిలిన భుజం మాడిపోకుండానే చంక కింది నీడలో చెక్కడం దక్కుతుంది. సెన్సర్లకి మార్కులు వేసే డీఎక్స్‌ఓమార్క్ డి850కి 100 ఇచ్చింది, డి500కి 84. బార్సూరు బత్తీసా గుడిలో ముప్పైరెండు స్తంభాలు, రెండు గర్భాలయాలు. లోపల మసక. ఇలాంటి చోట కెమెరాని ట్రైపాడ్ మీద నిలిపి, ముందు స్తంభం నుంచి వెనక స్తంభం దాకా ఫోకస్‌ని అంచెలంచెలుగా జరుపుతూ వరస ఫోటోలు తీసి, తర్వాత కలిపేసుకోవచ్చు. ఆ జరిపే పని డి850 తనంతట తనే చేస్తుంది, డి500కి ఆ విద్య రాదు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్నది మరవకూడదు.

అచ్చు లెక్కా చూడాలి. అంగుళానికి 300 చుక్కల చొప్పున వేస్తే డి500 బొమ్మ 18 అంగుళాల వెడల్పు దాటి కొంచెం వస్తుంది, డి850ది 27 దాటుతుంది. పత్రికలో రెండు పేజీల బొమ్మకి మొదటిదే చాలు. మ్యూజియం గోడకి రెండోది కావాలి. దానికి తగ్గ శిక్షా ఉంది: ఒక్కో రా ఫైలు 50 మెగాబైట్ల పైన, ఇంటికొచ్చాక కంప్యూటర్ మూలుగుతుంది.

ఢోల్‌కల్ గణపతి దగ్గర ఈ వివరాల పిచ్చికి అసలైన అర్థం కనిపిస్తుంది. బైలాడిలా కొండల వరసలో, ఫరస్‌పాల్ ఊరి మీదుగా అడవిలో నడిచి ఎక్కితే, డోలు ఆకారంలో పొడుచుకొచ్చిన బండ కొసన మూడడుగుల విగ్రహం. వెనక లోయ, మబ్బు, ఇంకేమీ లేదు. పరశురాముడి గొడ్డలి దెబ్బకి గణపతి దంతం విరిగింది ఇక్కడేనని స్థానికులు చెబుతారు. 2017 జనవరిలో ఆ విగ్రహం లోయలో ముక్కలై కనిపించింది. ముక్కలు ఏరి, అతికించి, మళ్ళీ అక్కడే కూర్చోబెట్టారు. డి850 వచ్చిందీ అదే ఏడాది. దానితో ఇప్పుడు తీసిన ఫోటోలో అతుకుల గీతలు కూడా దొరుకుతాయి, రేపు మరో పగులు వస్తే పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి. అందమైన మంచు ఫోటోలు ఎవరైనా తీస్తారు. ఇలాంటి నమోదు పని చేసేవాళ్ళే తక్కువ.

విశాఖ నుంచి కిరండూల్ రైల్లో వచ్చే తెలుగువాళ్ళకి ఇంకో శత్రువు ఎదురవుతుంది. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన దారి అది. గనులు నడిపే ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. బచేలీ, కిరండూల్ వైపు ఎర్రటి ధూళి దేని మీదైనా కూర్చుంటుంది. అక్కడ లెన్స్ మార్చారంటే సెన్సర్ మీదా కూర్చుంటుంది, ఎఫ్/16 దగ్గర తీసిన ఆకాశంలో మచ్చై తేలుతుంది. అందుకే పత్రికా ఫోటోగ్రాఫర్లు రెండు బాడీలు మెడకి తగిలించుకుంటారు: ఒకదానికి పొడుగు లెన్స్, ఒకదానికి వెడల్పు లెన్స్, మార్చే పని లేదు. ఈ రెండు నికాన్‌లు అందుకు భలే జోడీ. బ్యాటరీ రకం ఒకటే, కార్డులు ఒకటే, మీటలు ఇంచుమించు ఒకే చోట. ప్రమాణ పరీక్షల లెక్కన ఒక్క చార్జింగ్‌తో డి500 1,240 ఫోటోలు తీస్తుంది, డి850 1,840. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో అద్దాలున్న పాత కెమెరాకి ఇప్పటికీ ఇదొక గౌరవం. డి500 తయారీని నికాన్ 2022లో ఆపేసింది. కావాలంటే సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాలి.

ఒక్కటే కొనగలిగినవాడు, పిట్టలు తన ప్రాణం కాకపోతే, డి850 కొనుక్కోవాలి. ఢోల్‌కల్ ఎక్కేటప్పుడు ఆ కిలో బరువుని మోయక తప్పదు. 2.3 కిలోల 200-500 లెన్స్‌ని మాత్రం ఫరస్‌పాల్‌లో జీపులోనే వదిలేసి రావచ్చు. పైనున్న గణపతి గోరింకలా ఎగిరిపోడు కదా.