వాచ్యం శాసనం, వ్యంగ్యం కరుణం: బెర్లిన్ వీధి ఫలకాలు

ఒక పేట చరిత్రను ఆ పేట వీధుల్లోనే ఫలకాలుగా నిలిపే కళ సాధారణంగా ప్రశస్తి ధోరణిలో సాగుతుంది. ఇక్కడ ఫలానా కవి నివసించాడు, అక్కడ ఫలానా నాటకశాల ఉండేది అని చెప్పి బాటసారిని తృప్తిపరుస్తుంది. బెర్లిన్ నగరంలో షోనెబెర్గ్ ప్రాంతానికి చెందిన బవేరియన్ క్వార్టర్‌కు అటువంటి ప్రశస్తి రాయడం సులభమే. విద్యావంతులైన యూదు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన పేట అది. ఐన్‌స్టీన్ అక్కడి హాబర్లాండ్ వీధిలోనే నివసించాడు. అయితే 1993లో రెనాటా స్టిహ్, ఫ్రీడర్ ష్నోక్ అనే కళాకారులు అక్కడి దీపస్తంభాలకు అమర్చిన 80 ఫలకాలు ఆ మార్గాన్ని విడిచిపెట్టాయి. వాటిని మన ఆలంకారికుల ధ్వని సిద్ధాంతం వెలుగులో చదవవచ్చునని నా ప్రతిపాదన.

ప్రతి ఫలకానికీ ఒకవైపు బొమ్మ, రెండోవైపు వాక్యం. బొమ్మలు పిల్లల వాచకంలోనివా అన్నంత సరళంగా ఉంటాయి: ఒక రొట్టె, ఒక పిల్లి, ఒక పార్కు బెంచీ. వాక్యం మాత్రం నాజీ ప్రభుత్వం యూదులపై విధించిన ఆంక్షలలో ఒకదాని సారాంశం, తేదీతో సహా. రొట్టె వెనుక ఉన్నది 1940 జులై 4 నాటి ఉత్తర్వు: బెర్లిన్ యూదులు సాయంత్రం నాలుగు, ఐదు గంటల మధ్య మాత్రమే ఆహారపదార్థాలు కొనుక్కోవాలి. పిల్లి వెనుక 1942లో పెంపుడు జంతువులపై వచ్చిన నిషేధం. దుఃఖం అన్న మాట లేదు. వ్యాఖ్యానమూ లేదు. రసాన్ని దాని పేరుతోనే చెప్పడం స్వశబ్దవాచ్యత అనే దోషం కదా. ఇక్కడ వాచ్యమంతా శాసనమే, కరుణం వ్యంగ్యం. నాలుగు గంటల వేళకు రొట్టెల దుకాణంలో ఏం మిగిలి ఉండేదో పాఠకుడే ఊహించుకోవాలి.

యూదుల పేర్లున్న వీధుల పేర్లు మార్చినప్పుడు, 1938లో, ఆ పేట నిర్మాత హాబర్లాండ్ పేరూ పోయింది. ఆ సంగతిని తెలిపే ఫలకం ఈ వరుసలో విశిష్టమైనది: వీధి ఫలకమే చెరిపివేతకు సాధనమైందని మరో వీధి ఫలకం చెబుతోంది. దీనికి భిన్నంగా, తరలింపునకు ముందు రాసిన ఉత్తరపు మాటలున్న ఫలకం నాకు కొంత బలహీనంగా తోస్తుంది. ఈ మాట కఠినంగా వినిపించవచ్చు. కాని అక్కడ మనిషి గొంతు నేరుగా పలుకుతున్నందున పాఠకుని పని తగ్గిపోయింది.

ధ్వని సహృదయుని ఆశ్రయించినది. వీధిలో సహృదయుడెవరు? ఫలకాలు అమర్చుతున్న రోజుల్లోనే వాటిని యూదు వ్యతిరేక ప్రచారంగా భావించి కొందరు స్థానికులు ఫిర్యాదు చేయగా పోలీసులు కొన్నింటిని తొలగించారు. వారిని అరసికులనడం అన్యాయం. వాచ్యాన్ని వారు సరిగ్గానే చదివారు. మమ్మటుడు అర్థవ్యంజనకు చెప్పిన హేతువులలో వక్త, బోద్ధవ్యుడు, దేశం, కాలం ఉన్నాయి. ఈ ఫలకాలలో దేశం ఉంది, అదే వీధి. తేదీ రూపంలో కాలం ఉంది. లేనిది వక్త. పలుకుతున్నది 1940 నాటి ప్రభుత్వమా, 1993 నాటి కళాకారులా? పుస్తకానికైతే అట్టమీది పేరు, పీఠిక ఆ పని చేసిపెడతాయి.

తరువాత ఫలకాల కింద ఇది స్మారకమని తెలిపే చిన్న వివరణ చేర్చారు. ధ్వని వాచ్యంగా దిగజారిందని దీన్ని ఆక్షేపించవచ్చు. నేను అంగీకరించను. ఆ వివరణ రొట్టెకు గాని పిల్లికి గాని అర్థం చెప్పదు. మాట్లాడుతున్నది ఎవరో మాత్రం తెలుపుతుంది.