కుదురు లేని కంటికి నిక్కమైన చిత్రం

ఒకే చుక్కను చూడమంటే మనం చూస్తాం. కన్ను మాత్రం కుదురుగా ఉండదు. సన్నగా వణుకుతుంది, మెల్లగా జారుతుంది, ఉన్నట్టుండి గెంతుతుంది. 2002లో ఆస్టిన్ రూర్డా బృందం ప్రకటించిన అడాప్టివ్ ఆప్టిక్స్ (కంటి లోపాల వల్ల కలిగే మసకను సరిచేసే పద్ధతి) స్కానింగ్ యంత్రం రెటీనాను, అంటే కంటి వెనుక పొరను, గీత వెంట గీతగా చదువుతుంది. ఈలోగా కన్ను కదిలితే, చూపు అత్యంత స్పష్టంగా ఉండే ఫోవియా దగ్గర 2–3 మైక్రాన్ల వెడల్పే ఉండే, వెలుగును గ్రహించే కోన్ కణాలు చిత్రంలో సాగిపోతాయి, నొక్కుకుపోతాయి.

ఆ చిత్రాలను సరిదిద్దేవారి పనితనం అక్కడే మొదలు. యంత్రం తీసిన ఫ్రేముల్లో ఒకదాన్ని ఆధారంగా తీసుకుని, మిగతావాటిని సన్నని పట్టీలుగా విడదీసి, ఏ పట్టీ ఎంత జరిగిందో పోల్చి, దాని చోటికి చేరుస్తారు. రెప్ప పడిన ఫ్రేములను పక్కన పెట్టేస్తారు. అయితే ఆ ఆధారపు ఫ్రేము తీసేటప్పుడూ కన్ను కదిలే ఉంటుంది కదా! ఆ వంకరను కూడా పసిగట్టి సవరించేవారంటే నాకు ఎనలేని గౌరవం. కుదిరిన ఫ్రేముల సగటు తీశాక చిత్రంలోని నాయిజ్ తగ్గి, కణాలు ఒక్కొక్కటిగా లెక్కకు అందుతాయి.