మున్ పటానికి

వరద కడుపున పుట్టిన పటమా!

1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌లో మూసీ ఒక్క రోజులో సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్ వంతెన కొట్టుకుపోయింది. చింతచెట్టెక్కిన నూటయాభై మందిని ఆ చెట్టే కాపాడిందని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చింత ఇంకా చిగురిస్తూనే ఉంది.

ఊరిని మళ్లీ నిలబెట్టాలంటే ముందు ఊరి రూపు తెలియాలి. 1912 నుంచి 1915 దాకా గనుల ఇంజినీరు లియోనార్డ్ మున్ ఆధ్వర్యంలో గల్లీ గల్లీనీ కొలిచారు. అలా 848 షీట్ల మీద నువ్వు అవతరించావు. యాభై అడుగుల నేల నీలో ఒక్క అంగుళం. పదడుగుల బావి నీ మీద మినపగింజంత, అయినా దాన్ని నువ్వు వదల్లేదు. గుడినీ మసీదునూ తోటనూ గోరీలనూ ఒకే శ్రద్ధతో గీసుకున్నావు. నవాబు దేవిడీకి ఎంత గీత అవసరమో అంతే గీశావు. పేదవాడి గోడనూ గోడగానే చూపించావు. నిన్ను చూసినప్పుడల్లా చేతులు జోడించాలనిపించేది అందుకే.

హుగ్లీ ఒడ్డున కలకత్తా పటాల్లో ఓడల కోసం నది లోతులు రాసుకున్నారు. మన మూసీకి ఓడలు లేవు, రేవు లేదు. నువ్వు రాసుకున్నది తాగే నీళ్ల చోటు, నీళ్లు పారే దారి. ఎదుగుతున్న ఊరికి అంతకన్నా విలువైన లెక్క ఏముంటుంది?

నీ తర్వాతే మూసీకీ, దాని ఉపనదికీ అడ్డుకట్టలు పడ్డాయి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. ఊరు నదికి ఉత్తరాన ఇంకా పాకింది. నారాయణగూడ, చిక్కడపల్లి, మా నల్లకుంట జనంతో నిండాయి. హుస్సేన్ సాగర్ అలుగు నీళ్లు మాత్రం పాత అలవాటు మానలేదు. అశోక్‌నగర్ పక్క నుంచి, నల్లకుంట మీదుగా, గోల్నాక దిక్కున మూసీలో కలవడానికే పరుగెత్తుతాయి. ఆ నీళ్లు పారే నాలాను ఇరుకు చేసి మేం గోడలు లేపాం. 2000 ఆగస్టు వానకు ఆ నీళ్లు అశోక్‌నగర్ ఇళ్ల గడపలు దాటి లోపలికొచ్చాయి. తప్పు నీళ్లది కాదు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలారా, రేపు ఈ ఊరి ఫైళ్ల మీద సంతకాలు పెట్టేది మీరే. ఇంటి ప్లాను చేతికొచ్చిన రోజు, సంతకానికి ముందు మున్ షీటు తెప్పించుకుని, ప్లాను పక్కన పరిచి నీళ్ల దారి చూసుకోండి.