కల్నల్ దగ్గర నిగ్గు తేలే కొలువు

గుడివాడలో ఇంటర్ ఎంపీసీ పిల్లాడున్న ఇంట్లో జేఈఈ మెయిన్ ర్యాంకు రాగానే మాటలన్నీ కౌన్సెలింగ్ చుట్టూ, బ్రాంచి చుట్టూ, గుడ్లవల్లేరా విజయవాడా అన్నదాని చుట్టూ తిరుగుతాయి. ఆ ర్యాంకుతోనే సైన్యంలో ఆఫీసరు కొలువుకు దరఖాస్తు పెట్టొచ్చన్న ఊసు అరుదుగా వస్తుంది. టెక్నికల్ ఎంట్రీ స్కీమ్ అంటారు దాన్ని. విడిగా రాతపరీక్ష లేదు. వడపోతలో నిలిస్తే నేరుగా సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకు, అంటే ఎస్‌ఎస్‌బీకి పిలుపే. రాతపరీక్ష రాసి వెళ్లేవాళ్లకు ఎన్‌డీఏ, సీడీఎస్ పరీక్షలు ఎలాగూ ఉన్నాయి.

కోచింగ్‌కు అలవాటుపడ్డ బుర్రకు ఎస్‌ఎస్‌బీ వింతగానే ఉంటుంది. ఐదు రోజులు. అభ్యర్థిని పేరుతో పిలవరు, ఛాతీ మీది నంబరుతో పిలుస్తారు. మసక బొమ్మ ఒకటి అర నిమిషం చూపించి, నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. తెర మీద ఒక మాట పడుతుంది, పదిహేను సెకన్లలో దానిమీద వాక్యం రాయాలి. అలా అరవై మాటలు. మైదానంలో ఓ పలక, తాడు, పీపా ఇచ్చి గుంపంతా అడ్డంకి దాటమంటారు. ఎవడు పక్కవాడి మాట వింటున్నాడు, ఎవడు తాడు వదలకుండా పట్టుకుని పెత్తనం చేస్తున్నాడు అని ఒక అధికారి పక్కనుంచి చూస్తూ రాసుకుంటాడు. దీనికి గైడు పుస్తకాలు లేవని కాదు. ఉన్నాయి, మనవాళ్లు కొంటారు కూడా.

శిక్షణ ముగిస్తే లెఫ్టినెంట్. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. డిపార్ట్‌మెంటు పరీక్షలు పాసై, రికార్డు శుభ్రంగా ఉంటే ఇంతవరకు సర్వీసే మోసుకుపోతుంది. ఆ పైన, కల్నల్ నుంచి, సెలక్షన్ బోర్డు కూర్చుంటుంది. బ్యాచిలో చాలామందికి దారి అక్కడే ఇరుకవుతుంది.

‘చివరికి ఎందాకా వెళ్తాడండీ?’ అని అడిగే తండ్రులకు చెప్పడానికి ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే ఒక పేరుంది. 1923లో విజయవాడలో పుట్టిన కోటికలపూడి వెంకట కృష్ణారావు 1942లో మహార్ రెజిమెంట్‌లో ఆఫీసరయ్యారు. 1971 యుద్ధంలో ఆయన నడిపిన 8వ మౌంటెన్ డివిజన్ సిల్హెట్‌ను చేజిక్కించుకుంది. 1981 జూన్ 1న సైన్యాధిపతి కుర్చీ ఎక్కారు. చేరిన నాటి నుంచి దాదాపు 39 ఏళ్లు.

అయితే ఈ కొలువులోని పనితనం చూడాలంటే అంత పైకి వెళ్లక్కర్లేదు, కల్నల్ దగ్గర ఆగితే చాలు. సుమారు ఎనిమిది వందల మంది ఉండే బెటాలియన్‌కు ఆయనే సీఓ, అంటే కమాండింగ్ ఆఫీసరు. ఎవడి తల్లికి ఆపరేషనో, ఎవడి సెలవు ఆగిపోయిందో కూడా ఆయన చెవిన పడుతుంది. ఇంకో మెట్టెక్కితే మనుషుల కంటే మ్యాపులూ ఫైళ్లూ ఎక్కువవుతాయి.

సూర్యాపేట బిడ్డ బిక్కుమళ్ల సంతోష్‌బాబుది ఆ కల్నల్ మెట్టే. కోరుకొండ సైనిక్ స్కూల్, ఎన్‌డీఏ, డెహ్రాడూన్ సైనిక అకాడమీ దాటి 2004లో ఆఫీసరయ్యారు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 16 బిహార్ బెటాలియన్‌కు సీఓగా తన జవాన్లతో కలిసి ముందు నిలిచి ప్రాణాలొదిలారు. వయసు 37. ఆ రోజు 20 మందిని కోల్పోయాం. మరుసటి ఏడాది ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించారు.

ఆ 2020లోనే, ఫిబ్రవరి 17న, మహిళా అధికారులకూ కమాండ్ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. 2023లో వాళ్లకోసం 108 కల్నల్ ఖాళీలకు ప్రత్యేక బోర్డు కూర్చుంది. ఎన్‌డీఏ నుంచి తొలి అమ్మాయిల బృందం, మూడు దళాలకూ కలిపి 17 మంది, 2025 మేలో బయటికొచ్చింది. వాళ్లలో సైన్యానికి వెళ్లినవాళ్లు కల్నల్ బోర్డు ముందుకొచ్చేసరికి 2040 దాటొచ్చు.