నెమ్మది మందుకు సాక్షి ఎవరు?

తొండియార్‌పేటలో టి.హెచ్. రోడ్డు వెంబడి ఏ మందుల షాపు బల్ల ముందు నిలబడినా ఒక ప్రశ్న తమిళంలోనో తెలుగులోనో చెవిన పడుతుంది: ‘ఇది పోయిన నెల ఇచ్చిన కంపెనీదేనా?’ జ్వరానికి మాత్ర కొనేవాళ్ళు ఇలా అడగరు. అడిగేది నెలనెలా అదే మందు కొనేవాళ్ళు. అందులోనూ కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. కీళ్ళవాతం అని నేనంటున్నది వయసుతో మోకాళ్ళు అరిగే నొప్పిని కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడి కీళ్ళ పొరలను తినేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ని. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి, కాఫీ గ్లాసు సరిగ్గా పట్టుకోవడానికే గంట పట్టే జబ్బు అది. దానికి యాంటీబయాటిక్‌తో వైద్యం చెయ్యొచ్చా, చేస్తే పేరున్న కంపెనీ గొట్టం మాత్రే కావాలా, జనరిక్ సరిపోతుందా అన్న వాదం అమెరికాలో చాలా కాలం నడిచింది. మన వీధి ప్రశ్నకు అది దూరంగా కనిపిస్తుంది గానీ, తవ్వి చూస్తే రెండూ ఒకటే. నెమ్మదిగా పనిచేసే మందు పనిచేస్తోందో లేదో ఎవరు చెప్పాలి? ఒళ్ళు చెప్పే మాట అందనప్పుడు మనిషి పేరును పట్టుకుంటాడు. ఆ పట్టు ఎంతవరకు సబబో తేల్చుకోవడానికి ఈ యాంటీబయాటిక్ కథకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

కీళ్ళవాతానికి మూలం ఏదో క్రిమి అన్న అనుమానం పాతది. ఫ్రాన్సులో జాక్ ఫొరెస్టియే 1920ల చివర ఈ జబ్బుకు బంగారం ఇంజెక్షన్లు వాడాడు. క్షయకు బంగారం పనిచేస్తుందన్న నమ్మకం, ఇదీ క్షయ లాంటిదేనన్న ఊహ ఆయనను ఆ దారి పట్టించాయి. స్వీడన్‌లో నన్నా స్వార్ట్జ్ 1930ల చివర సల్ఫా మందును సాలిసిలేట్‌తో ముడివేయించి సల్ఫాసలజీన్ తయారు చేయించింది. ఊహ నిలవలేదు, మందు నిలిచింది. ఇవాళ కూడా వాతరోగ నిపుణుల చీటీల్లో సల్ఫాసలజీన్ ఉంటుంది. (తప్పుడు కారణంతో దొరికిన సరైన మందులు వైద్య చరిత్రలో ఎన్నో, సిద్ధాంతకర్తలు ఈ మాట ఒప్పుకోవడానికి ఇష్టపడరు.) అమెరికాలో థామస్ మెక్‌ఫెర్సన్ బ్రౌన్ అనే వైద్యుడు మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవే దోషి అని జీవితాంతం వాదించి, టెట్రాసైక్లిన్ జాతి మందులను ఏళ్ళ తరబడి ఇచ్చాడు. ఆయన దారిలో నడిచిన రోగుల్లో చాలామంది మినోసైక్లిన్ కొనేటప్పుడు ‘మినోసిన్’ అనే అసలు బ్రాండే కావాలని పట్టుబట్టారు. అది లెడర్లీ కంపెనీ పెట్టిన పేరు. తెలుగువాడికి ఆ కంపెనీ పరాయిది కాదు. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1940లో లెడర్లీలో చేరి అక్కడి పరిశోధనకు పెద్ద దిక్కయిన యల్లాప్రగడ సుబ్బారావు హయాంలోనే టెట్రాసైక్లిన్లలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ వెలుగు చూసింది. ఆయన 1948లో పోయారు. దాని వారసురాలు మినోసైక్లిన్ బజారుకొచ్చింది 1970ల మొదట్లో.

బ్రౌన్ మాటను పరీక్షకు పెట్టకుండా వదిలెయ్యలేదు. 1995లో అచ్చయిన మీరా అనే అధ్యయనంలో 219 మంది రోగుల్లో 48 వారాల పాటు సగం మందికి మినోసైక్లిన్, సగం మందికి మందు లేని ఉత్త గొట్టం ఇచ్చారు. కీళ్ళ వాపు తగ్గినవాళ్ళు మందు మింగినవాళ్ళలో 54 శాతం. ఉత్త గొట్టం మింగినవాళ్ళలో 39 శాతం. ముట్టుకుంటే నొప్పి తగ్గినవాళ్ళు 56, 41. మందుకు కొంత గుణం ఉందన్నమాట, అద్భుతమేమీ లేదు. జబ్బు మొదలైన ఏడాదిలోపే పట్టుకుంటే ఫలితం ఇంకా బాగుందని నెబ్రాస్కాలో జేమ్స్ ఓడెల్ బృందం 46 మందితో చేసిన చిన్న పరీక్షలో చూపింది: సగానికి సగం మెరుగైనవాళ్ళు మందు వర్గంలో 65 శాతం, రెండో వర్గంలో 13 శాతం. అదే బృందం 2006లో మెథోట్రెక్సేట్‌కు తోడుగా డాక్సీసైక్లిన్ ఇచ్చినప్పుడు, క్రిములను చంపడానికి ఏమాత్రం చాలని 20 మిల్లీగ్రాముల మోతాదు కూడా 100 మిల్లీగ్రాములకు దాదాపు సమానంగా పనిచేసింది. అంటే ఈ మందు చేసే మేలు క్రిమిని చంపడం వల్ల కాకపోవచ్చు. కీలులోని మృదులాస్థిని కొరికే ఎంజైముల నోరు కట్టడం వల్ల కావచ్చు. డాక్సీసైక్లిన్ ఒక్కదాన్నే ఇచ్చి చూసిన పరీక్షల్లో మాత్రం పెద్దగా ఫలితం రాలేదు. తల తిరగడం, ఒంటి మీద నల్లనీలపు మచ్చలు తేలడం, అరుదుగా కాలేయం దెబ్బతినడం లాంటి చిక్కులు మినోసైక్లిన్‌కు ఉన్నాయి. ఇంతకన్నా గట్టి మందులు వచ్చాక నిపుణులు దీన్ని పక్కకు పెట్టారు. వరదనీళ్ళు దిగాక ఎలుక జ్వరానికి ఇదే జాతి డాక్సీసైక్లిన్ కావలసిన ఊళ్ళో యాంటీబయాటిక్‌ను ఏళ్ళ తరబడి మింగించకుండా అలా పక్కన పెట్టడమే మంచిదంటాను.

ఇప్పుడు ఆ 39 దగ్గర కాసేపు ఆగాలి. నూటికి ముప్ఫై తొమ్మిది మందికి ఏ మందూ లేని గొట్టంతో వాపు తగ్గింది. వాళ్ళు అబద్ధమాడలేదు, భ్రమపడలేదు. పరీక్ష చేసిన డాక్టర్లే కీళ్ళు లెక్కపెట్టారు. ఈ జబ్బుకు పొంగూ పోటూ ఉన్నాయి. ఎక్కువగా బాధపడుతున్న రోజుల్లోనే మనిషి కొత్త మందుకు సిద్ధపడతాడు. ఆ తర్వాత పోటు దానంతటదే దిగినా క్రెడిట్ మందు ఖాతాలో పడుతుంది. అదే సూత్రం తిరగబడి కూడా పనిచేస్తుంది. కంపెనీ మారిన నెలలో నొప్పి పొంగితే నింద కొత్త అట్ట మీద పడుతుంది. ఇదే తలనొప్పి మాత్రయితే ముప్పావుగంటలో తీర్పు వచ్చేస్తుంది; పనిచెయ్యని కంపెనీని జనమే బజారులో ఓడిస్తారు. కీళ్ళవాతం మందులు మూడు నెలలు, ఆరు నెలలు గడిస్తే గాని నోరు విప్పవు. ఆ ఆరు నెలల్లో వానాకాలం వస్తుంది, ఇంట్లో పెళ్ళి వస్తుంది, నొప్పి బిళ్ళ మోతాదు మారుతుంది. వీటన్నిటి మధ్య గొట్టం మాత్ర ఎవరి ఫ్యాక్టరీలో నిండిందన్న చిన్న తేడాను ఒక్క మనిషి ఒక్క ఒంటిమీద పసిగట్టడం సాధ్యం కాదు. కాబట్టి ‘నాకు మినోసిన్ పనిచేసింది, జనరిక్ పనిచెయ్యలేదు’ అన్న మాటను అనుభవంగా గౌరవిస్తాను గాని, రుజువుగా ఒప్పుకోను. అనుభవజ్ఞుడైన డాక్టరు అన్నా ఇదే జవాబు. ఆయన చూసింది వందమందిని కావచ్చు. ఉత్త గొట్టం ఇచ్చి పోల్చి చూసింది మాత్రం ఎవరినీ కాదు.

రుజువు కావాలంటే రక్తాన్ని అడగాలి. జనరిక్‌ను అనుమతించే ముందు అది బ్రాండుతో సమానంగా రక్తంలో చేరుతుందో లేదో కొలుస్తారు. 80 నుంచి 125 శాతం మధ్య ఉంటే చాలన్న నిబంధన చూసి ‘అయితే ఇరవై శాతం తక్కువ మందు పెట్టినా చెల్లుతుందా’ అని చాలామంది ఉలిక్కిపడతారు. అది మందు బరువు గురించిన లెక్క కాదు. కొలతలో ఉండే అనిశ్చితి మొత్తం ఆ గీతల మధ్య ఇమడాలన్న షరతు. అమెరికా ఔషధ సంస్థ తన దగ్గరకొచ్చిన 2,070 పరీక్షలను కలిపి చూసినప్పుడు, రక్తంలోకి చేరిన మొత్తంలో బ్రాండుకూ జనరిక్‌కూ సగటు తేడా మూడున్నర శాతం చిల్లర. దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. మినోసైక్లిన్‌ను పాలతో మింగితే దాని గ్రహణం సుమారు 27 శాతం పడిపోతుందనీ, ఐరన్ మాత్రతో కలిపి మింగితే 77 శాతం పడిపోతుందనీ 1985లోనే కొలిచి రాశారు. కీళ్ళవాతం ఉన్న ఆడవాళ్ళలో రక్తహీనత తరచుగా కనబడుతుంది. డాక్టరు ఐరన్ రాస్తాడు. ఆమె గుర్తుంటుందని రెండు మాత్రలూ కలిపి పొద్దుటి పాల కాఫీతో వేసుకుంటుంది. ఖరీదైన బ్రాండు కొని ఐరన్‌తో కలిపి మింగినవాడికన్నా, చవక జనరిక్ కొని మంచినీళ్ళతో మింగి ఐరన్‌ను కొన్ని గంటలు ఎడం పెట్టినవాడి రక్తంలోనే మందు ఎక్కువ. బల్ల దగ్గర కంపెనీ పేరు అడిగే మనం, దేనితో మింగాలో మాత్రం అడగం.

అమెరికా లెక్కలు మనకెందుకు, ఇక్కడి జనరిక్‌లను నమ్మేదెలా అన్నది బలమైన ఆక్షేపణ. దాన్ని తోసిపుచ్చను. మన దేశంలో కొన్ని తరగతుల మందులకు ఈ రక్తపరీక్షల సమానత్వాన్ని తప్పనిసరి చేసింది 2017లోనే. అంతకు ముందు అనుమతి పొందినవి బజారులో ఉన్నాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా ప్రకటించే నాసిరకం మందుల జాబితా ఎప్పుడూ ఖాళీగా ఉండదు. అయితే ఈ ఆక్షేపణ బ్రాండును గెలిపించదు. అమెరికాలో బ్రాండంటే మందును కనిపెట్టిన కంపెనీది. మన షాపుల్లో బ్రాండంటే ఎక్కువ భాగం పేరు తగిలించిన జనరిక్కే. దాన్ని తయారు చేసింది హిమాచల్‌లోని బద్దీలో ఏ కాంట్రాక్టు ఫ్యాక్టరీయో కావచ్చు, అదే ఫ్యాక్టరీ ఇంకో నాలుగు పేర్లతో కూడా పంపుతూ ఉండొచ్చు. చట్టం ఇద్దరికీ ఒకటే, ఇన్‌స్పెక్టరూ ఒకడే. 2024లో ఆ జాబితాలో ఇంటింటా తెలిసిన బ్రాండ్ల పేర్లు కనిపించినప్పుడు, అవి తమవి కావని, నకిలీవని కంపెనీలు జవాబిచ్చాయి. నిజమే కావచ్చు. కానీ ఆ జవాబులో ఇంకో సంగతి దాగి ఉంది: దొంగ ముద్ర వేసేవాడు అమ్ముడుపోయే పేరు మీదే వేస్తాడు. పేరు లేని మందుకు నకిలీ చేసి ఎవడు బాగుపడతాడు? 1975లోనే జైసుఖ్‌లాల్ హాథీ కమిటీ మందుల బ్రాండు పేర్లను దశలవారీగా తీసెయ్యమంది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ డాక్టర్లు జనరిక్ పేర్లే రాయాలని నిబంధన తెచ్చి, డాక్టర్ల సంఘం గొడవతో అదే నెలలో ఆపేసింది. నాణ్యత తేల్చకుండా పేరు మారిస్తే ఎంపిక డాక్టరు చేతి నుంచి షాపువాడి చేతికి పోతుందన్నది వాళ్ళ వాదన. అందులో న్యాయం ఉంది. దానికి జవాబు మాత్రం తొండియార్‌పేటకు దగ్గర్లోనే, స్టాన్లీ ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర దొరుకుతుంది. అక్కడ ఉచితంగా ఇచ్చే అట్ట తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ కొన్నది. 1995 నుంచి పనిచేస్తున్న ఆ సంస్థ జనరిక్ పేర్లతోనే టెండరు పిలిచి, వచ్చిన ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీసి, కంపెనీ పేరు కనపడకుండా ల్యాబుకు పంపి, నెగ్గాకే ఆసుపత్రులకు విడుదల చేస్తుంది. తప్పినవాళ్ళను నల్లజాబితాలో పెడుతుంది. ‘సర్కారు మాత్ర’ అని మనం చప్పరించేసే అట్ట, పక్క షాపులోని మెరిసే పెట్టెకన్నా ఒక పరీక్ష ఎక్కువే రాసి వచ్చింది.

బ్రాండు పక్షాన నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే వాదన ఒకటుంది: అది ప్రతి నెలా ఒకేలా కనిపిస్తుంది. టెండరు మారినప్పుడల్లా సర్కారు మాత్ర రంగూ ఆకారమూ మారతాయి. గుండెపోటు వచ్చినవాళ్ళ మీద అమెరికాలో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మాత్ర రంగు మారితే మందు మానేసే అవకాశం 34 శాతం, ఆకారం మారితే 66 శాతం పెరిగింది. ఏళ్ళ తరబడి మింగాల్సిన జబ్బులో మానెయ్యడం కన్నా పెద్ద నష్టం లేదు. పచ్చ మాత్ర, తెల్ల మాత్ర అని గుర్తుపెట్టుకునే పెద్దావిడకు ఆ స్థిరత్వం విలాసం కాదు, అవసరం. కాకపోతే రంగు నిలకడగా ఉండాలని టెండరులో ఒక షరతు రాస్తే సరిపోయేదానికి నాలుగింతల ధర కట్టమనడం నాకు మింగుడు పడదు. పైగా పేరు కూడా మోసం చెయ్యగలదు. కీళ్ళవాతానికి ఇవాళ మొదటి మందు మెథోట్రెక్సేట్; దాని చెడు తగ్గించడానికి తోడు ఇచ్చేది ఫోలిక్ ఆసిడ్. రెండూ సుబ్బారావు లెడర్లీ బృందం చేతుల మీదుగా వచ్చినవే. మన బజారులో మొదటిదానికి ఒక పేరు ఫోలిట్రాక్స్, రెండోదానికి ఒక పేరు ఫోల్వైట్. ఒకటి వారానికి ఒక్కసారే మింగాలి. పొరపాటున రోజూ మింగితే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. రెండోది మొదటిదాని చెడు తగ్గించడానికి తోడు ఇచ్చేది మాత్రమే. రెండు పేర్లూ ‘ఫోలి’, ‘ఫోల్’ అనే మొదలవుతాయి. బ్రాండు పేరు కన్నా మందు అసలు పేరు రెండు సైజులు పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018 నుంచి నిబంధన ఉంది; ఇలాంటి చిక్కుల్లో అది అక్కరకు రావాలి. కానీ ఆ పెద్ద అక్షరాలు ఉండేది అట్ట మొత్తానికీ కలిపి. వారానికి ఒకటి చొప్పున నెలకు కావలసింది నాలుగు మాత్రలు కనుక షాపువాడు పదింటి అట్టను కత్తెరతో అడ్డంగా కోసి నాలుగు చేతిలో పెడతాడు. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ అతని డబ్బాలోని ఆరు మాత్రల ముక్కతోనే ఉండిపోతాయి.