మొరాయించిన తుపాకి: ఒక బొమ్మల పుస్తకము, ఒక నివేదిక

ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రములో తుపాకి సాధారణముగా ఒక్కచోటనే కనిపించును. న్యూటన్ మూడవ సూత్రము చెప్పునప్పుడు గుండు ముందుకు పోయినది, తుపాకి వెనుకకు తన్నినది అని చెప్పి, ద్రవ్యవేగములతో ఒక లెక్క చేయించి వదలివేయుదుము. ఆ లెక్కలో తుపాకి ఎల్లప్పుడును పేలును. ఒకసారి పేలి రెండవసారి మొరాయించు తుపాకి మన పాఠములోనికి రాదు. నిజమునకు విద్యార్థి నేర్చుకొనదగిన శాస్త్రము అందులోనే ఎక్కువగా ఉన్నది.

అట్టి తుపాకిని గురించి అమెరికా ప్రభుత్వమే ప్రకటించిన రెండు రచనలు కలవు. ఒకటి, 1967 అక్టోబరులో ఆ దేశపు ప్రతినిధుల సభకు చెందిన ఒక ఉపసంఘము ఇచ్చిన నివేదిక. ఉపసంఘమునకు అధ్యక్షుడు రిచర్డ్ ఐకార్డ్. రెండవది, 1968లో సైనికులకు పంచిపెట్టిన 32 పుటల రంగుల బొమ్మల పుస్తకము. బొమ్మలు వేసినవాడు విల్ ఐస్నర్. రెండింటి విషయము ఒక్కటే: వియత్నాం యుద్ధములో ఎం-16 అను రైఫిలు సరిగా పనిచేయకపోవుట. ఒకే లోపమునకు రెండు రచనలు రెండు విధములైన సమాధానములు చెప్పినవి. వీనిని పక్కపక్కన ఉంచి చదువవలెను.

ముందుగా యంత్రము సంగతి. పాతకాలపు రైఫిలులో ప్రతి గుండు తరువాత చేతితో పిడిని లాగి, ఖాళీ తొడుగును బయటకు తీసి, కొత్త తూటాను లోపలికి నెట్టవలెను. తనంత తాను నింపుకొను రైఫిలులో (దీనినే సెమీ ఆటోమేటిక్ అందురు) ఈ పనులన్నియు మందు కాలగా పుట్టిన వాయువే చేయించును. మీట ఒకసారి నొక్కిన ఒకే గుండు పోవును; కాని మరుసటి గుండు అప్పటికే సిద్ధముగా ఉండును. మన పోలీసుల చేతులలో చాలకాలము కనిపించిన ఎస్. ఎల్. ఆర్. ఈ జాతిదే. ఎం-16 ఒక్కొక్క గుండుగాను పేలును, ధారగాను పేలును. లోపలి పని మాత్రము రెండు విధములలోను ఒక్కటే. గొట్టము గోడలోని చిన్న రంధ్రము గుండా కొంత వాయువు వెనుకకు వచ్చి, తలుపువలె బిగిసి ఉన్న ఉక్కుదిమ్మెను, అనగా బోల్టును, తిప్పి తెరపించును. బోల్టు వెనుకకు పోవుచు ఖాళీ ఇత్తడి తొడుగును అంచు పట్టి లాగి బయట పారవేయును. స్ప్రింగు బలముచే ముందుకు వచ్చుచు కొత్త తూటాను గదిలోనికి త్రోయును. ఇదంతయు సెకనులో పదవ వంతు కాకముందే ముగియును.

కాబట్టి ‘తుపాకి పేలలేదు’ అనుట ‘ఒంట్లో బాగుండలేదు’ అనుట వంటిదే. రోగము పేరు అందులో లేదు. పెట్టెలోని స్ప్రింగు బలహీనపడి తూటా పైకి రాకపోవచ్చును. బోల్టు పూర్తిగా మూసికొనకపోవచ్చును. సూది తగిలినను మందు అంటుకొనకపోవచ్చును. ఖాళీ తొడుగు బయటకు రాక గదిలోనే ఉండిపోవచ్చును. వియత్నాంలో ప్రాణముల మీదికి తెచ్చినది ఈ చివరి లోపము. ఎదుట శత్రువు ఉండగా సైనికుడు శుభ్రపరచు కడ్డీని గొట్టము మూతినుండి దూర్చి, ఆ తొడుగును పొడిచి తీయవలసివచ్చెను. ఆ కడ్డీలు సైతము చాలమందికి అందలేదు. 1967లో సైనికులు ఇండ్లకు వ్రాసిన ఉత్తరములు పత్రికల కెక్కిన పిదప సంగతి దేశమంతట తెలిసెను.

ఐస్నర్ పుస్తకము బోధనలో గట్టిది. ఆయన ‘ది స్పిరిట్’ అను బొమ్మల కథను పత్రికలలో నడపి పేరు పొందినవాడు. 1951 నుండి సైన్యమువారి ‘పి. ఎస్.’ అను యంత్రరక్షణ మాసపత్రికకు బొమ్మలు సమకూర్చినవాడు. ఏ భాగము తరువాత ఏ భాగమును విప్పవలెను, మసి ఎక్కడ పేరుకొనును, నూనె ఎక్కడ ఎంత పూయవలెను అనునవి అతడు చూపిన తీరు ఎంత తేటగా ఉన్నదనగా, ఒక పుట చూచినవాడు మరుక్షణమే చేతితో చేసి చూడగలడు. మన ప్రయోగశాలల పుస్తకములలో ‘పటములో చూపినట్లు అమర్చుము’ అని వ్రాసి, పటములో ఏమియు తెలియకుండ గీయుట ఎరిగినవారికి ఈ పుస్తకము విలువ నేను వేరుగ చెప్పనక్కరలేదు. తుపాకిని ఆడపిల్లతో పోల్చి చేసిన చమత్కారములు మాత్రము ఎబ్బెట్టుగా ఉన్నవి. తరగతిలో చూపదలచినవారు పుటలు ఏరుకొనవలసినదే.

అయితే ఈ పుస్తకమును మొదటినుండి చివరివరకు చదివిన కుర్రవానికి కలుగు అభిప్రాయ మేమి? తుపాకి మంచిది, శుభ్రపరచనివాడు చెడ్డవాడు. తుపాకి మొరాయించిన తప్పు నీదే. ఇందులో సగము నిజము కలదు. ఆ తుపాకికి శుభ్రత అంతగా అక్కరలేదను ప్రచారము సైన్యములో వ్యాపించి ఉండెను. వియత్నాం చెమ్మలో, బురదలో ఆ నమ్మకము ప్రమాదకరము. మిగిలిన సగము ఐకార్డ్ నివేదికలో ఉన్నది.

యూజీన్ స్టోనర్ ఈ తుపాకిని రూపొందించినప్పుడు తూటాలో వాడినది చిన్న గొట్టపు ముక్కలవంటి పలుకులు గల మందు. తరువాత సైన్యమువారు గుండు వేగము సెకనుకు 3250 అడుగులు ఉండవలెననియు, లోపలి పీడనము చదరపు అంగుళమునకు 52,000 పౌనులు దాటరాదనియు నియమము పెట్టిరి. ఆ మందుతో ఈ రెండును ఎల్లప్పుడును కుదురుట కష్టమాయెను. అందుచే గుండ్రని పలుకుల మందును తెచ్చిరి. గుండు వేగము నియమమునకు సరిపోయినది. గరిష్ఠ పీడనమును సరిపోయినది. కాగితముమీద మార్పు ఏమియు లేదు.

కాని మార్పు ఉన్నది. కదిరి నుండి నల్లచెరువుకు రెండు బస్సులు ఒకే కాలములో చేరవచ్చును. దారిలోని ఒక మైలురాయి దగ్గర వాని వేగము లొకటే అయి ఉండ నక్కరలేదు. గొట్టములో గుండు ప్రయాణము ఒక మిల్లీసెకను మాత్రమే. ఆ కాలములో పీడనము పెరిగి తరుగు రేఖ ఆకారము మందు పలుకుల ఆకారమునుబట్టి, కాలు తీరునుబట్టి మారును. కొత్త మందు కాలినప్పుడు వాయువును తీసికొను రంధ్రము దగ్గర పీడనము మునుపటికంటె ఎక్కువాయెను. బోల్టుకు తన్ను గట్టిగా తగిలి, అది త్వరగా తెరచుకొనసాగెను. ధారగా పేల్చిన నిమిషమునకు సుమారు 1000 గుండ్ల వేగము వరకు పోయెను.

త్వరగా తెరచుకొన్న తొడుగు ఎందుకు ఇరుకవలెను? ఇత్తడి తొడుగు పేలిన క్షణమున ఉబ్బి గది గోడకు అంటుకొనును; పీడనము తగ్గిన పిదప తన సాగుడు గుణముచే కొంత ముడుచుకొని గోడను వదలును. ఇంకను అంటుకొని ఉన్న సమయముననే బోల్టు లాగిన, అంచు తెగిపోవును గాని తొడుగు రాదు. ఒకదానిలో ఒకటి ఇరుక్కొన్న స్టీలు గ్లాసులను అంచు పట్టి లాగి చూచిన ఇల్లాలికి ఇది తెలిసిన సంగతియే. దీనికి తోడు గదికి క్రోమియం పూత లేదు. చెమ్మకు తుప్పుపట్టి గోడలో గుంటలు పడెను. ఉబ్బిన ఇత్తడి ఆ గుంటలను పట్టుకొనెను. కొత్త మందులో కలిపిన కాల్షియం కార్బొనేటు వలన మసియు ఎక్కువాయెను. చూడుడు, మసి తుడువలేదని సైనికుని మందలించినారు. ఆ మసిని పెంచిన నిర్ణయము ఎక్కడనో కార్యాలయములో జరిగినది.

ఎస్. ఎల్. ఆర్. లో వాయువును ఎక్కువ తక్కువ చేయు ఒక కంకణము కలదు. తూటా మారినను, మసి పట్టినను సైనికుడే దానిని తిప్పి సరిచేసికొనవచ్చును. ఎం-16లో అది లేదు. మందు మార్చిన ఫలితమును అనుభవించువానికి దానిని సరిదిద్దు సాధనము చేతిలో లేదన్నమాట.

ఇంతకుముందే అమెరికనులకు ఇటువంటి పాఠము ఒకటి లభించి ఉండెను. 1936లో వారు స్వీకరించిన గరాండ్ రైఫిలు అచ్చమైన సెమీ ఆటోమేటిక్. ఎనిమిది తూటాల కట్ట దానిలో ఒకేసారి పెట్టుదురు. పెద్దసంఖ్యలో తయారుచేయ నారంభించిన పిదప ఏడవ తూటా దగ్గర తరచుగా ఆగుట కనిపించెను. నమూనాలో లేని ఈ లోపము ఎక్కడనుండి వచ్చినది? కోత పనిముట్టు తిరుగుటకు వీలుగా, తూటాలకు దారిచూపు లోపలి అంచును కొంత తీసివేసిరని తేలెను. ఆ అంచునకు మరల లోహమును వెల్డింగు చేయగా లోపము పోయెను. జూలియన్ హాచర్ 1948 నాటి తన గరాండ్ గ్రంథములో ఈ కథ చెప్పినాడు. అక్కడ ఎవరును సైనికుని తిట్టలేదు. పనిచేసిన నమూనాకును, పనిచేయని వస్తువుకును తేడా ఏమి అని వెదకిరి.

ఈ ప్రశ్న మన మెట్ట పొలములలోను రావలసినదే. వేసవిలో బోరు మోటారు మూలుగుచు తిరుగక నిలిచిన, రైతు సరిగా చూచుకొనలేదని అనుట సులభము. 415 వోల్టులు ఉండవలసినచోట 290 మాత్రమే వచ్చుచున్నవేమో కొలిచిచూచువారు తక్కువ. ఇండక్షను మోటారు మెలిత్రిప్పు బలము వోల్టేజి వర్గముతో మారును గనుక, అప్పుడు మిగులునది సగము బలమే.

నివేదికలోను లోపములు లేకపోలేదు. అది చట్టసభవారి రచన. ఎవరు ఏ నిర్ణయము ఎప్పుడు చేసిరి, ఏ కంపెనీకి లాభము కలిగెను అను విచారణ ముందుకు వచ్చి, పీడనము కథ వెనుకకు పోయినది. చదువుటకు ఓపిక కావలెను. సైనికుని శుభ్రత వంతును అది తేలికగా తీసివేయలేదు. ఆ న్యాయము చెప్పవలసినదే. పరిష్కారములను చూచినను రెండు రచనలకును వాటా కలదు. బోల్టు వేగమును తగ్గించు బరువైన బఫరును అమర్చిరి, గదికి క్రోమియం పూత పూసిరి, శుభ్రపరచు సామగ్రిని అందరికి అందించిరి. ఐస్నర్ పుస్తకము ఈ మూడవదానికి ఉపయోగపడినది. మొదటి రెండును ఎందుకు కావలసివచ్చెనో చెప్పు ఒక్క పుట అందులో చేర్చి ఉన్న, చదివిన సైనికుడు తన చేతిలోని వస్తువును మరింత బాగుగా అర్థము చేసికొని ఉండెడివాడు.

ఉపాధ్యాయులు ఆ పుటను తామే తయారుచేసికొనవచ్చును. నల్లబల్లపై అడ్డముగా గొట్టములో దూరము, నిలువుగా పీడనము గుర్తించి, ఒకే గరిష్ఠము గల రెండు రేఖలు గీయవలెను: ఒకటి త్వరగా దిగునది, ఒకటి నెమ్మదిగా దిగునది. రంధ్రమున్న చోట నిలువు గీత గీసి, ఏ రేఖ దగ్గర బోల్టు ముందు తెరచుకొనునో విద్యార్థులనే అడుగవలెను. తరువాత ఐస్నర్ వేసిన విడిభాగముల పుటను చూపవచ్చును.